పౌడరు చుక్క కాదు, నేను

ఆ ఉదయం ఆకాశం మబ్బు పట్టి, కురవకుండా ఊరంతటినీ ఉడకబెడుతోంది.

నేను ఒక సున్నపు రేణువుని. తమలపాకుకు రాసుకునే సున్నం కాదు. సౌభాగ్యం ఎడమ రొమ్ములో, పాలు నడిచే సన్నటి గొట్టంలో పుట్టాను. అక్కడ కొన్ని కణాలు అదుపు తప్పి పెరిగాయి. లోపలివి తిండి అందక చచ్చాయి. వాటి మీద పేరుకున్నదే నా ఒళ్లు. మేం ఒక గుంపు. చేతికి తగలం, నొప్పి పెట్టం. కబురు మా దగ్గరుంది, నోరు లేదు.

ఆ రోజు రొమ్ము పరీక్షల బండి ఊళ్లోకి వచ్చింది. పొగాకును రకాలుగా ఏరే గ్రేడింగు పని మాని ఆడవాళ్లంతా వరసకట్టారు. నలుగురిలోకి వెళ్లాలంటే సౌభాగ్యానికి పౌడరు ఉండాలి. ఉక్క కదా, చంకలదాకా దట్టించింది. తోడికోడలు రవణమ్మా అదే డబ్బాలోంచి పూసుకుంది.

ఎక్స్‌రే తీస్తే తెర మీద తెల్లగా కనబడ్డాను. ఇన్నాళ్లకు నన్ను చూశారనుకున్నాను.

డాక్టరమ్మ నవ్వింది. "డబ్బా అంతా కుమ్మరించుకున్నావా అమ్మా? ఇవి పౌడరు చుక్కలు. కడుక్కుని రా, మళ్లీ తీద్దాం."

సౌభాగ్యం సిగ్గుతో కుళాయి దాకా వెళ్లి, అటునుంచి అటే ఇంటికి పోయింది. బండివాళ్లు పిలవనూ లేదు. పొగాకు కొట్టంలో ఆమెకు 'పౌడరమ్మ' అని పేరు పెట్టారు. ఆమె కూడా నవ్వేది. రోజూ స్నానం చేసేది. నీళ్లు నా పైనుంచి జారిపోయేవి. కడిగితే పోయేదాన్నా నేను? లోపల కణాలు గొట్టం గోడను నెడుతున్నాయి. ఎవరితో చెప్పుకోను?

నెల తిరిగి బండి మళ్లీ వచ్చింది. ఆకు కట్టలు కడుతున్న రవణమ్మ చేతులు ఆగిపోయాయి.

"అక్కా, నేనూ అదే పౌడరు పూసుకున్నా గదా. నా ఫోటోలో చుక్కల్లేవన్నారే?"

"నీది నల్లతోలు, పౌడరు అంటదులే."

"ఎకసెక్కాలు తర్వాత. లెయ్ ముందు."

కుళాయి దగ్గర రవణమ్మే అక్కకు సబ్బు రుద్దింది. తెర మీద నేను అదే చోట ఉన్నాను. డాక్టరమ్మ ఈసారి నవ్వలేదు. జిల్లా ఆసుపత్రికి పంపింది. అక్కడ ముక్క తీసే సూది దిగింది. నా తోటివాళ్లు కొందరు బయటికెళ్లి, సూక్ష్మదర్శిని కింద ఉన్న మాట చెప్పారు. నేను లోపలే మిగిలాను.

"క్యాన్సరే. కానీ గొట్టం దాటలేదు. ఇప్పుడే తీసేస్తే బతుకుతుంది" అని అక్కడి డాక్టరు రవణమ్మతో అన్నాడు. "ఇంకా ఆలస్యమైతే చెప్పలేను."

ఆసుపత్రి మెట్ల మీద రవణమ్మ క్యారేజీ విప్పింది. గోంగూర పచ్చడి, అన్నం. రవణమ్మ తన గిన్నెలోది సగం అక్క గిన్నెలో వేసింది. సౌభాగ్యం దాన్నీ కలుపుకుంది. తిన్నాక, ఆపరేషను తేదీ రాయించుకోడానికి ఇద్దరూ మళ్లీ మెట్లెక్కారు.