తూకం తగ్గిన తూటాలు

నా మొగుడు సీసం దొంగంట! పొయ్యి మీద పాలు పొంగుతాంటే కూడా, దించేదా అని నన్ను అడిగి దించే మనిషి జయరాముడు. అట్లాంటోడు తుపాకుల క్లబ్బులో సీసం ఎత్తుకపోయి అమ్ముకున్నాడంట. ఆ మాట పుట్టించినోని నోట్లో మన్ను పడ!

మాది కడప పక్క. నేను అరబ్బు దేశంలో, రుస్తాఖ్ అనే ఊర్లో అర్బాబు ఇంట్లో వంట చేస్తా, ఇల్లు చూస్తా. మా ఆయనకు కూడా ఆ అర్బాబే యజమాని. ఊరి బయట కొండ కింద ఆయనకు పిస్తోళ్లు కాల్చుకునే క్లబ్బు ఉండాది. ఉన్నోళ్లు వచ్చి అట్టలు నిలబెట్టి గురి చూసి కాల్చుకుంటారు. ఆటకు కావాల్సిన తూటాలు సగం వాళ్లే చేసుకుంటారు. సీసం కరిగించి, అచ్చులో పోసి, తూటా గుండు తీసేది మా ఆయన పని.

ఆ సీసం యాడిది అంటే, కారు చక్రం ఊగకుండా అంచుకు కొట్టే బిళ్ళలు ఉంటాయి సూడు, అవి. పంచరు అంగళ్ల కాడ పాతవి మూటలకు మూటలు దొరుకుతాయి. ముందర అన్నీ సీసమే వచ్చేవంట. ఇప్పుడు జింకువి కలిసి వస్తాండాయి. చూసేదానికి రెండూ ఒకటే. గోరుతో గీకితే సీసానికి గీత పడతాది, జింకుకు పడదు. మా ఆయన ఒక్కొక్క బిళ్ళా గీకి గీకి ఏరుకునేవాడు. గోర్లన్నీ నల్లగా పెట్టుకోని అన్నానికి కూచుంటాడని ఎన్నిసార్లు తిట్టినానో!

ఈసారి ఆ ఏరేది జరగల్యా. శుక్రవారం పెద్ద పోటీ, మస్కట్ నుంచి గొప్పోళ్లు వస్తాండారు. మేనేజరు ఫర్హాన్, అర్బాబుకు సొంత అక్క కొడుకు, ఎవురి కాడనో కొత్త బిళ్ళల మూటలు తెచ్చి పడేసినాడు. మా ఆయన రెండు గీకి చూసి, తనకొచ్చిన కూసింత హిందీలోనే చెప్పినాడు: "సార్, ఇది జింకు. తూటా తేలికైపోతాది, అచ్చులో సరిగ్గా నిండదు." ఫర్హాన్ ఇంటే కదా! "ఏరేది లేదు గీరేది లేదు, మంట పెంచు, మొత్తం కరిగించి పోసెయ్" అన్నాడంట. మంట తక్కువుంటే జింకు కరగక పైన తేలతాది, గరిటెతో తీసేయొచ్చు. మంట పెంచితే అంతా ఏకమే. పెంచినోడు మా ఆయన, పెంచమన్నోడు ఫర్హాన్.

శుక్రవారం నేను క్లబ్బులోనే ఉండా, వచ్చినోళ్లకు కావా, వాళ్ల అరబ్బీ కాఫీ, పోస్తా, ఖర్జూరాలు అందిస్తా. మొదట అర్బాబే పిస్తోలు ఎత్తినాడు. ఒకటి పేలింది. అట్ట మీద ఆ మూల యాడనో తగిలింది. రెండోది పేలనే ల్యా. తర్వాత మా ఆయన చెప్తే తెలిసింది. బరువైన గుండు పోతేనే వెనక్కి దెబ్బ గట్టిగా తగిలి, ఖాళీ గొట్టం ఎగిరిపడి, కింద తూటా పైకి ఎక్కుతాదంట. తేలిక గుండుకు ఆ దెబ్బ చాలదు. ఖాళీ గొట్టం బయటికి ఎగిరే సందులోనే ఇరుక్కుపోయింది. అర్బాబు చేత్తో లాగి పారేసినాడు. ఈసారి మొండి ముక్కు తూటా ఎక్కలేక అడ్డం పడింది. మళ్లీ లాగినాడు, కాల్చినాడు, ఇరుక్కుంది. గుండ్లు అట్ట మీద తలా ఒక దిక్కు పోయినాయి. వచ్చినోళ్లు కావా గిన్నెలు నోటికి అడ్డం పెట్టుకోని నవ్వినారు. అర్బాబు ముఖం నేను చూడలేకపోతి.

గుండ్లు తూకం ఏసినారు. తక్కువ వచ్చింది. "సీసం యాడికి పోయింది?" అన్నాడు అర్బాబు. ఫర్హాన్ రెప్ప కూడా కొట్టల్యా. "ఆ ఇండియావాడు జింకు కలిపి, సీసం అమ్ముకుని ఉంటాడు మామా" అన్నాడు. అప్పటికప్పుడే మా ఆయన్ని సామాన్ల రూములో పెట్టి తాళం ఏసినారు.

తెల్లారి రాబియా మేడం, అర్బాబు భార్య, వంటింట్లోకి వచ్చింది. నేను ఆయమ్మ కాళ్ల మీద పడి ఫర్హాన్ తెచ్చిన మూటల సంగతి మొత్తం చెప్పబోతి. పేరు ఎత్తంగానే నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఆ పేరు మజ్లిస్‌లో ఎత్తినావంటే నీ మొగుడు జైల్లో, నువ్వు పక్కన ఇంకో జైల్లో. తుపాకుల కాడ దొంగతనం, పోలీసులు ఊరికే వదలరు. అర్బాబు ఒకటే మాట చెప్పినాడు. తప్పు ఒప్పుకుని క్షమించమంటే రేపే విమానం ఎక్కించి పంపిస్తాడు. లేదంటే పోలీసుకు ఫోన్ చేస్తాడు" అన్నది.

అన్నం తీసుకోని మా ఆయన కాడికి పోతి. ఒప్పుకో సామీ అని బతిమాలితి, తిడితి, ఏడిస్తి. ఆయన ముద్ద ముట్టల్యా. "చెయ్యని దొంగతనం చేసినానని నా నోటితో చెప్తానా? దానికంటే జైల్లోనే సస్తా మే. నువ్వు అరబ్బీ బాగా మాట్లాడతావు కదా, ఉన్నదున్నట్ల అర్బాబుకు చెప్పు. పెద్దాయన, న్యాయం తెలిసినోడు" అన్నాడు. న్యాయమంట! మొండి ముండాకొడుకు, ఆ నిమిషంలో వాణ్ని పట్టుకోని గోడకేసి కొట్టాలనిపించింది. లోపల ఉంటే ఎన్నేండ్లో ఎవురికి తెలుసు? సుగర్ మనిషి, మాత్రలు ఎవురు ఇస్తారు?

మధ్యాన్నం నమాజు అయినాక మజ్లిస్‌లోకి, అర్బాబు నలుగురితో కూచోని మాట్లాడే పెద్ద రూములోకి, పిలిచినారు. అర్బాబు దిండుకు ఆనుకోని కూచున్నాడు, పక్కన ఫర్హాన్. అర్బాబుకు తెలుగూ హిందీ రావు, మా ఆయనకు అరబ్బీ రాదు. మధ్యలో నేను.

మా ఆయన చేతులు కట్టుకోని, తల మాత్రం ఎత్తుకోని తెలుగులో చెప్పినాడు: "అయ్యా, నేను గింజంత సీసం కూడా ముట్టల్యా. ఆ మూటలు జింకువి. వద్దని చెప్తే ఇనల్యా, పొయ్యమన్నారు, పోసినా. నా బిడ్డల మీద ఒట్టు." చెప్పి నా తట్టు చూసినాడు, ఇంగ నువ్వు చెప్పు అన్నట్ల.

అరబ్బీలో దొంగను హరామీ అంటారు, ఆ మాట ఆయనకూ తెలుసు. అందుకే అది వాడకుండా, వంటింట్లో వాడుకునే మాటలు ఏరుకుంటి. "తీసుకున్నాడు అర్బాబ్. సైతాను పట్టింది. బిడ్డల మీద ఒట్టేసి చెప్తాండాడు, ఇంకెప్పుడూ చెయ్యడంట. క్షమించమంటాండాడు" అని అరబ్బీలో చెప్తి. ఫర్హాన్ ఒక్కసారి నా ముఖంలోకి చూసి, వెంటనే కార్పెట్ చూసుకున్నాడు. థూ, నీ బతుకు చెడ!

అర్బాబు చెయ్యెత్తి మాట్లాడినాడు. హరామీని ఇంట్లో పెట్టుకోను, పోలీసుకు చెప్పకుండా రేపే ఇంటికి పంపిస్తా అన్నాడు. మా ఆయన ఉలిక్కిపడినాడు. "ఏమ్మే, హరామీ అంటాండాడే! నువ్వు ఏం చెప్పినావు?"

"నిన్ను హరామీ అన్నోళ్లదే తప్పంట" అంటి. "నీ మాట నమ్మినాడు. క్లబ్బులో ఆ కరిగించే పని తీసేస్తాండారంట, అందుకని రేపు నిన్ను ఇంటికి పంపిస్తాడంట."

"నువ్వు?"

"నా వీసా గడువు అయిపోయినాక వస్తా. ఇక్కడ వంట ఎవురు చేస్తారు?"

అంతే, ఆ మనిషి గుడ్లల్లో నీళ్లు కారిపోయినాయి. పోయి అర్బాబు ముందర మోకాళ్ల మీద పడి రెండు చేతులూ పట్టుకోని, దండాలు చెప్పేదానికి తనకు తెలిసిన అరబ్బీ మాట, శుక్రన్ శుక్రన్ అని ఏడ్చినాడు. ముసలాయన గుండె కరిగింది. లేపి నిలబెట్టినాడు, భుజం తట్టినాడు. ఇంగెప్పుడూ ఈ పని చెయ్యొద్దని బుద్ధి చెప్పినాడు. మా ఆయన తల ఊపినాడు.

బయటికి వచ్చినాక ఎండలో నిలబడి నా చెయ్యి పట్టుకున్నాడు. "చూసినావా మే, నిజం చెప్తే యాడైనా ఇంటారు. నీ అరబ్బీ లేకుంటే ఈ పొద్దు నేను దొంగగా పోయేవాణ్ని" అన్నాడు.

"చెప్పినాలే. ముఖం తుడుచుకో" అంటి.