ఐదో నంబరు ట్రే మీద మూత

ఆదివారం మధ్యాహ్నం మూడుంపావుకి వర్తక సంఘం హాల్లో చికెన్ వింగ్స్ పోటీ మొదలైంది. తెర వెనక కూర్చున్న న్యాయనిర్ణేతలు ఐదో నంబరు ట్రే దగ్గరికి వచ్చేసరికి అందులోని వింగ్స్ మెత్తబడిపోయి ఉన్నాయి.

ఆ ట్రే అన్నాచెల్లెళ్ళ హోటల్‌ది. వంటిల్లు చెల్లెలు చూసుకుంటుంది, కౌంటర్లో అన్న కూర్చుంటాడు. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆవిడ వండేది. ఆవిడ పోయాక గరిటె చెల్లెలి చేతికొచ్చింది. ఇప్పుడు హోటలున్న భవనాన్ని పడగొడుతున్నారు. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. కొత్త బస్టాండులో క్యాంటీన్ సిద్ధంగా ఉంది. ఈ పోటీలో గెలిచినవాళ్ళకే దాన్ని ఇస్తామని సంఘం ముందే చెప్పింది. వీధి చివర మేడ హోటలు నడిపే ఆయన కన్ను కూడా దానిమీదే ఉంది. గెలిస్తే పొయ్యి బస్టాండుకి మారుతుంది. ఓడితే పొయ్యి పెట్టుకోవడానికి చోటు లేదు.

హాల్లో మంట వెలిగించకూడదని నిబంధన. ఎవరి వంటింట్లో వాళ్ళు వేయించి తెచ్చుకోవాలి. చెల్లెలు వింగ్స్ రెండుసార్లు వేయిస్తుంది. మొదటిసారి సన్నటి సెగ మీద, లోపల ఉడకడానికి. తీసి, ఆరనిచ్చి, రెండోసారి పెద్ద మంట మీద, పైన కరకరలాడడానికి. ఆ తర్వాత ఇనుప జాలీ మీద విడివిడిగా పరుస్తుంది. మూత పెట్టదు, పెట్టనివ్వదు. మూత పెడితే ఆవిరికి దారి ఉండదు, నీరై తిరిగి వింగ్స్ మీదే పడుతుంది. ఈ సంగతి ఆ హోటల్లో గిన్నెలు తోమేవాళ్ళకి కూడా తెలుసు. పార్సెల్ డబ్బాల మూతలకి చిల్లులు పొడిచేది స్వయంగా అన్నే.

వ్యానులో ముందు సీటు నిండా ప్లేట్లూ సాస్ డబ్బాలూ సర్దారు.

"నువ్వు బేకరీ పిన్ని స్కూటర్ మీద వచ్చెయ్ చిట్టీ. నేను ముందెళ్ళి ట్రే అప్పగిస్తాను," అన్నాడు అన్న.

ఎదురుగా బేకరీ నడిపే ఆవిడని వీధంతా పిన్ని అనే పిలుస్తారు. ఆవిడా పోటీలో ఉంది. గెలుస్తానన్న భ్రమ లేదు. "పేరు ఇవ్వకపోతే పిన్ని మంచం పట్టిందనుకుంటారు జనం" అని ఇచ్చింది.

స్కూటర్ హాలు దగ్గరికి చేరేసరికి ట్రే లోపలికి వెళ్ళిపోయింది. అన్న వ్యాను వెనక తలుపు వేస్తున్నాడు. లోపల అల్యూమినియం ఫాయిల్ నలిగి పడి ఉంది. చెల్లెలు దాన్ని తీసి విప్పింది. లోపలివైపు నీటి చుక్కలున్నాయి.

"ఇది దేనిమీద కప్పావన్నయ్యా?"

"దారంతా దుమ్మే కదే. రోడ్డు తవ్వి పారేశారు."

"వింగ్స్ మీద కప్పావా?"

"పది నిమిషాలకేం కాదులే. నువ్వు కంగారు పడి నన్ను కంగారు పెట్టకు."

పిన్ని హెల్మెట్ తీస్తూ అందుకుంది. "మగాళ్ళ చేతికి వంట ఇచ్చి పంపితే ఇంతేనే అమ్మాయ్. మా ఆయన ఓసారి పుట్టినరోజు కేకుని నిలువుగా పట్టుకెళ్ళాడు. పిల్లాడి పేరంతా డబ్బాకి అంటుకుంది. ఆ తల్లి నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి."

అన్న నవ్వాడు. చెల్లెలు నవ్వలేదు గాని, తొందరలో మర్చిపోయుంటాడని నమ్మింది. హడావుడిలో ఎవరికైనా జరిగేదే అనుకుంది.

న్యాయనిర్ణేతలు రుచి చూడడం అయ్యాక ట్రేలు తెచ్చి హాలు మధ్యలో బల్లల మీద పెట్టారు. ట్రేల మీద నంబర్లే గాని పేర్లు లేవు. జనం ప్లేట్లు పట్టుకుని వరసలో కదిలారు. ఐదో నంబరు దగ్గర ఒకాయన ఒక ముక్క తీసుకున్నాడు, వేళ్ళతో నొక్కి చూశాడు, తిరిగి ట్రేలో పెట్టడానికి మొహమాటపడి ప్లేటు అంచున వదిలేశాడు. చెల్లెలు అది చూసింది.

"రావే, మిగతావాళ్ళు ఏం వెలగబెట్టారో చూద్దాం," అని పిన్ని లాక్కెళ్ళింది.

ఒకటో నంబరులో తేనె ఎక్కువైంది. రెండోది పులుపు. మూడోది మాడింది. "ఇది నాదే. మొహం అలా పెట్టకు, నాకు తెలుసు," అంది పిన్ని.

నాలుగో నంబరు కొరికితే కరకరమంది. చెల్లెలు నమిలింది. ఆగింది. ఇంకో ముక్క తీసుకుని, పైపొర మాత్రం ఒలిచి నాలుక మీద పెట్టుకుంది. ముందు మిరియాల ఘాటు తెలిసింది. దాని వెనక, మింగేముందు, కాఫీ చేదు.

అది వాళ్ళమ్మ చేసిన పొరపాటు. ఓ పొద్దున కాఫీ గింజలు పట్టిన మిక్సీ జార్ కడగడం మర్చిపోయి అందులోనే మిరియాలు పట్టింది. ఆ పూట వింగ్స్ తిన్నవాళ్ళు మర్నాడు మళ్ళీ వచ్చారు. కడిగిన జార్‌లో పట్టి పెడితే, నిన్నటివి కావివి అన్నారు. ఆవిడకి విషయం అర్థమై ఆ పొరపాటునే పద్ధతి చేసుకుంది. ముందు కాఫీ గింజలు పట్టాలి, ఆ పొడి దులపాలి, జార్ కడక్కుండా మిరియాలు వెయ్యాలి. ఈ పద్ధతి ముగ్గురికే తెలుసు. అందులో అమ్మ పోయింది. మామూలుగా అన్న నోట్లో నువ్వుగింజ నానదు, కానీ ఈ ఒక్క విషయం ఎప్పుడూ ఎక్కడా జారలేదు.

"ఇదెవరిది పిన్నీ?"

"ఇంకెవరిది? మేడ హోటలాయన చూడు, బల్ల పక్కనే నిలబడి ప్రతివాడి దవడ కేసి చూస్తున్నాడు."

హాలు వెనక చేతులు కడుక్కునే చోట అన్న ఒక్కడే ఉన్నాడు.

"మేడాయనకి మన మిరియాల సంగతి ఎవరు చెప్పారన్నయ్యా?"

"ఏ మిరియాలు?"

"నాలుగో నంబరులో కాఫీ తగులుతోంది."

"ఊళ్ళో కాఫీ మనమొక్కళ్ళమే తాగుతామా?"

"జార్ కడక్కుండా మిరియాలు పట్టేది మనమొక్కళ్ళమే."

అన్న చేతులకి సబ్బు రాసుకున్నాడు. కడుక్కున్నాడు. మళ్ళీ రాసుకున్నాడు.

"చెప్పాను," అన్నాడు.

"ఫాయిల్ కప్పమని కూడా ఆయనే అన్నాడా?"

"లేదు. అది నాకే తట్టింది."

చెల్లెలు కుళాయి కట్టేసింది.

"క్యాంటీన్ వస్తే ఏమవుతుందే?" అన్నాడు అన్న. "మళ్ళీ నువ్వు వంటింట్లో, నేను కౌంటర్లో. తిన్నవాడల్లా నా దగ్గరికొచ్చి 'మీ చెల్లెలి చెయ్యి మంచిదండీ' అని చెప్పి పోతాడు. అంతకుముందు 'మీ అమ్మ చెయ్యి' అనేవాళ్ళు. నాకూ చేతులున్నాయని ఒక్కడైనా అన్నాడా? ఆయన క్యాంటీన్‌కి మేనేజర్ని చేస్తానన్నాడు."

"నాతో ఒక్క మాట అనలేకపోయావా?"

"అంటే వద్దనేదానివి."

"వద్దనేదాన్నే."

"నీకూ అడిగాను, ఊరికే వదిలెయ్యలేదు. వంటింట్లో ఉద్యోగం ఇమ్మన్నాను."

"ఏమన్నాడు?"

అన్న చొక్కా అంచుకి చేతులు తుడుచుకున్నాడు. "ఆలోచిస్తానన్నాడు. వంట ఎలాగూ తెలిసింది కదా అన్నాడు."

చెల్లెలు అక్కణ్ణుంచి సంఘం అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళింది. న్యాయనిర్ణేతల్లో పెద్ద ఆయనే. మైకు సరిచేసుకుంటున్నాడు.

"నాలుగో నంబరూ ఐదో నంబరూ ఒకే రుచి, గమనించారా అండీ?"

"ఆహా, మేమూ అదే మాట్లాడుకున్నాం. ఒక తల్లి బిడ్డల్లా ఉన్నాయి. ఐదో నంబరువాళ్ళు నాలుగోవాళ్ళని చూసి చేసినట్టున్నారు. రుచి పట్టారు గాని కరకర పట్టలేకపోయారు."

"ఐదో నంబరు మాదండీ. ఆ రుచి మా అమ్మది. మా అన్నయ్య చెబితే వాళ్ళు చేశారు."

ఆయన మైకు కింద పెట్టాడు. "రుచి నీదీ నాదీ అని ఎలా తేల్చనమ్మా? మీ అన్నే చెప్పాడంటున్నావు, ఆయన్నే అడుగుదాం." చెయ్యి ఊపి పిలిచాడు.

అన్న వచ్చాడు. వెనకే మేడ హోటలాయన వచ్చాడు. ఏం జరుగుతోందోనని పిన్ని కూడా ప్లేటుతో సహా వచ్చింది.

"ఏమయ్యా, మీ ఇంటి పద్ధతి వీళ్ళకి నువ్వు చెప్పావని మీ చెల్లెలు అంటోంది. నిజమేనా? నిజమైతే ఆ ట్రే పక్కన పెట్టేస్తాను."

అన్న చెల్లెలి మొహం చూడలేదు. అధ్యక్షుడి చొక్కా జేబు కేసి చూస్తూ చెప్పాడు.

"ఓడిపోతామన్న బాధలో అంటోందండీ. చిన్నప్పట్నుంచీ దానికి ఓటమి పడదు."

"విన్నారుగా," అన్నాడు మేడ హోటలాయన.

"ఒరే," అంది పిన్ని. ఆ వీధిలో ఆవిడ ఎప్పుడూ అన్నని బాబూ అనే పిలిచేది. "నీ చెల్లెలు నీ కళ్ళెదురుగా నిలబడి ఉందిరా."

 అధ్యక్షుడు చెల్లెలి వైపు తిరిగి, ఇంకేమైనా చెప్పాలా అని అడిగాడు. లేదంది.

ఫలితం మైకులో చెప్పారు. మొదటి స్థానం నాలుగో నంబరుకి వచ్చింది. ఐదో నంబరుకి ఏ స్థానమూ రాలేదు. చెల్లెలు ట్రే, జాలీ తీసుకుని పిన్ని స్కూటర్ మీద వెళ్ళిపోయింది. వ్యాను హాలు ముందే ఉంది.

సోమవారం ఉదయం సంఘం ఆఫీసులో బస్టాండు క్యాంటీన్ తాళాలు అప్పగించారు. మేడ హోటలు తరఫున సంతకం పెట్టి వాటిని తీసుకున్నది అన్న.