పద్దెనిమిది వేల డిగ్రీలు

ఇరవై ఆరో నక్షత్రం దగ్గర పెన్సిలుతో టిక్కు పెట్టి, తనూజ స్కేలును కిందికి జరిపింది. జనగామ కాలేజీలో భౌతికశాస్త్ర విభాగం చివర, బ్యాటరీలు పెట్టే గది పక్కన ఆమె కూర్చునే చోటు. మొన్న పంపించేసిన జాబితానే మళ్లీ మొదటినుంచి చూస్తోంది. చూడమని ఎవరూ చెప్పలేదు. పదకొండేళ్లుగా ఇలా చూస్తూనే ఉంది. ఇంటికి తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్లి, తిరిగొచ్చి తాళం లాగి చూసుకునే మనిషి.

ఆమె పని వినడానికి చిన్నదే. భూమి చుట్టూ తిరిగే టెలిస్కోపు ఒకటి వేడి నక్షత్రాల అతినీలలోహిత కాంతిని కొలుస్తుంది. ఆ కాంతిని గాలి నేలదాకా రానివ్వదు కనుక పైనుంచే కొలవాలి. ఏడాదికి ఒకసారి, కాలేజీ అడిగిన వైపు దాన్ని తిప్పుతారు. తిప్పేముందు అక్కడున్న ప్రతి చుక్కా ఎంత వెలుగుతుందో లెక్కగట్టి పంపాలి. హద్దు దాటిన చుక్క ఒక్కటి ఎదురుపడినా టెలిస్కోపు కన్ను కాలిపోతుంది. పైకెళ్లి బాగుచేసేవాళ్లు ఎవరూ లేరు.

కన్ను కాలడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. తండ్రి ఎల్లేశ్ కేసముద్రం మార్కెట్ యార్డు ఎదుట ట్రాక్టర్ ట్రాలీలకు వెల్డింగ్ చేసేవాడు. ఏడేళ్లప్పుడు ఆ నీలిమెరుపును చూస్తూ నిలబడిపోయింది. సాయంత్రానికి కళ్లలో ఇసుక పోసి రుద్దినట్టయింది. రెండు రోజులు రెప్పలు తెరవలేకపోయింది. చూపు తిరిగొచ్చింది గానీ భయం పోలేదు. రోడ్డు దాటాలన్నా, కొత్తవాళ్లతో మాట్లాడాలన్నా ఒళ్లు చల్లబడేది. పెళ్లిచూపుల్లో నోరు పెగలక రెండు సంబంధాలు తప్పిపోయాయి, మూడోది రాలేదు. ఆ భయాన్ని చూసే, కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే లత మేడమ్ ఆమెను ఈ పనిలో పెట్టుకుంది.

ఇరవై ఏడో నక్షత్రం. తను పంపిన జాబితాలో వేడి ఎనిమిది వేల డిగ్రీలని ఉంది. అసలు పట్టికలో పద్దెనిమిది వేలు.

స్కేలు చేతిలోంచి జారిపోయింది. ముందున్న ఒకటిని తన వేలే వదిలేసింది. మామూలు కంటికి ఆ చుక్క ఏమంత వెలుగు కాదు. కానీ పద్దెనిమిది వేల డిగ్రీలంటే అతినీలలోహితంలో భగ్గున మండుతుంది. మళ్లీ లెక్క వేసింది. హద్దుకు నాలుగింతలు. గోడ గడియారంలో పదకొండూ పది. టెలిస్కోపు అటు తిరిగేది పదకొండూ నలభైకి.

లత మేడమ్ భూపాలపల్లిలో ప్రాక్టికల్ పరీక్షలు చేయించడానికి వెళ్లింది. ఫోన్ స్విచ్ఛాఫ్. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే.

టెలిస్కోపు నడిపేవాళ్లలో ఎవరో ఒకరు చూసే ఉంటారులే అనుకుంది. చూడకపోతే? కాలిపోయినా తప్పు ఎవరిదో తెలియకపోవచ్చు అని కూడా అనుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యమేసింది. చెంగుతో అరచేతులు తుడుచుకుని, ఎన్నడూ చేయని కంట్రోల్ రూమ్ నంబరు నొక్కింది.

అవతల ఎవరో ఇంగ్లీషులో పలికారు.

"సార్... తెలుగు అచ్చినోళ్లు ఉన్నరా?"

ఫోన్ చేతులు మారింది. "చెప్పండమ్మా," అన్నాడొకాయన.

"గా చుక్కను సూడొద్దు సార్. ఆపుండ్రి. ఇరవై ఏడోది. నేను తప్పు రాసిన."

"కాస్త నెమ్మదిగా చెప్పండి, అర్థం కావట్లేదు. మీరెవరు? సైంటిస్టా?"

"కాదు సార్, జనగామల లెక్కలేసేదాన్ని. ఒకటి ఎగిరిపోయింది. అది పద్దెనిమిది వేలు. ఎనిమిది గాదు!" గొంతు ఆమెకు తెలియకుండానే అరుపైంది. "కన్ను కాలిపోతది సార్!"

"లైన్లో ఉండండి."

ఫోన్ చెవికి నొక్కుకుని నిలబడింది. అవతల కీబోర్డు చప్పుడు, హడావిడి మాటలు. పదకొండూ ఇరవై ఎనిమిది. ముప్ఫై మూడు. ముప్ఫై ఏడుకు ఆ గొంతు మళ్లీ వినిపించింది.

"మూత మూసేశామమ్మా. అటు తిప్పడం లేదు."

ఫోన్ బల్ల మీద పెట్టింది. గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

లత వచ్చేసరికి నాలుగైంది. ఈ ఏడాదికి కాలేజీ వంతు రద్దయిందన్న కబురు ఆమెకు దారిలోనే అందింది. బ్యాగు కూడా దించకుండా తనూజ ముందు కూర్చుంది.

"ఏడుస్తవేంది తనూజా? నీ భయంతోనే గద అది బతికింది."

"ఈసారి బతికింది మేడమ్."

"అచ్చే ఏడు మల్ల అడుగుదాం. సంతకం నాది గూడ ఉన్నది. నేను గూడ సూడలే."

"అడుగుండ్రి. ఇంకెవరన్న లెక్కలేస్తరు." తనూజ కళ్లు తుడుచుకుంది. "ఒకటి అంకె నా కండ్లకు ఆనలే మేడమ్. రేపు ఇంకోటి ఆనదు. అది కాలినంక నేను బతకలేను. ఇగ నేను రాను."

లత ఆమె చేయి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. ఐదింటి బండికి కేసముద్రం పోవాలని తనూజ లేచింది. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్లిపోయింది.

వారం తర్వాత లత ఆ గది తెరిచింది. కంప్యూటర్ మీద దుమ్ము పడకుండా తనూజ కప్పిపోయిన ఆకుపచ్చ రవికెగుడ్డ, అంచులు చేత్తో కుట్టినది, నాలుగు మూలలూ సమానంగా లాగి సర్దినది, అలాగే ఉంది.