బొట్టు పెట్టిన నేరం

నేను ఒక కంప్యూటర్‌ని. కొత్తదాన్ని. ఈ రెండో మాట దగ్గరే నా బతుకు బుగ్గిపాలయింది కాబట్టి దాన్ని ఇంకోసారి అంటున్నాను, కొత్తదాన్ని. కాదనాలనిపిస్తే నేను చెప్పేదంతా విన్నాక అనండి. మధ్యలో నన్ను ఊరుకోబెట్టాలని మాత్రం చూడకండి. ఊరుకునే స్థితిలో లేను.

నన్ను బిగించిన ఫ్యాక్టరీలో నా మీద చెయ్యి వెయ్యాలంటే తొడుగులు వేసుకునేవారు. అంత మర్యాదగా పెరిగినదాన్ని. సింగపూరు దుకాణంలో అద్దాల వెనక కూర్చుని ఉండగా సన్యాసిరావు వచ్చాడు. సరుకుల ఓడలో వంటవాడు. బొబ్బిలిలో అతని అక్క నూకరత్నానికి శుభలేఖలు అచ్చు వేసే చిన్న ప్రెస్సు ఉంది. తండ్రి పోయాక ఆవిడే నడుపుకొస్తోంది. సీసపు అక్షరాలు అరిగిపోయాయి. పెళ్లికూతురి పేరు చదవాలంటే కార్డును వెలుతురుకి పెట్టి చూడాల్సి వస్తోంది. ఎదురు వరసలో కొత్తగా పెట్టిన ప్రెస్సువాడు కంప్యూటర్ మీద పువ్వులూ తీగలూ పెట్టి, ముత్యాల్లాంటి అక్షరాలతో కార్డులు కొట్టి ఇస్తున్నాడు. వచ్చే కార్తీకమాసం పెళ్లిళ్లకి కంప్యూటర్ లేకపోతే నాన్న పెట్టిన ప్రెస్సుకి తాళం వేసుకోవడమేనని ఆవిడ తమ్ముడి దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. అందుకు అతను ఓడలో దాచుకున్నదంతా ఊడ్చి నన్ను కొన్నాడు.

కొన్నవాడు ఊరుకున్నాడా? ఓడ వంటింట్లో నన్ను పెట్టెలోంచి తీసి, పీట మీద కూర్చోబెట్టాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న కుంకుమ పొట్లం విప్పి, నా తెర పైఅంచున ఇంత బొట్టు పెట్టాడు. నిమ్మకాయ కోశాడు. కర్పూరం వెలిగించాడు. అంతే, మళ్లీ పెట్టెలో సర్దేశాడు. తీగ కూడా తగిలించలేదు. పక్కనున్న కుర్రకారు ఒక్కసారి వెలిగించి చూపించమంటే ఒప్పుకోలేదు.

"మా అప్ప సేత్తోనే ఎలగాల" అన్నాడు.

అక్క చేత్తోనే వెలగాలన్న ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. నా కొంప ముంచబోయేది కూడా ఆ బొట్టే అని అప్పుడు నాకేం తెలుసు?

రేవులో నన్ను దించి, కాగితాలు అక్క చేతిలో పెట్టి అతను మళ్లీ ఓడ ఎక్కేశాడు. అక్కడి నుంచి నేను సుంకాల ఆఫీసు పాలయ్యాను. దేశంలో అడుగు పెట్టినందుకు నా ఖరీదును మించిన సుంకం కట్టాలన్నారు. మత్తుమందు సంచీనీ, దొంగబంగారాన్నీ ఎలా చూస్తారో నన్నూ అలాగే చూశారు. శుభలేఖలు అచ్చు వేయడానికి వచ్చినదాన్ని నేను! ఏ కొంపలు కూల్చడానికి వచ్చానని నా మీద అంత పన్ను?

నూకరత్నం బేరాలాడలేదు. ఏడవలేదు. బొబ్బిలి వెళ్లి, తండ్రి నాటి సీసపు అక్షరాలన్నీ, అరలతో సహా, కరిగించేవాడికి అమ్మేసింది. 'శ్రీరస్తు శుభమస్తు' అన్న ఒక్క వరస మాత్రం చీరచెంగులో ముడేసుకుంది. మిగతా అక్షరాలన్నీ సుంకమైపోయాయి. ఇక ఆ ప్రెస్సుకి నోరు లేదు. మాట్లాడాలంటే నేను వెళ్లాలి.

ఇక్కడి పద్ధతి ఏమిటంటే ముందు సుంకం కట్టించుకుంటారు, తర్వాత పెట్టె విప్పుతారు. పెట్టె విప్పిన పెద్దమనిషి విశ్వపతి గారు. ఆయన్ని గురించి ఒక నిజం చెప్పాలి. ఆయన లంచం ముట్టుకోడు. ముట్టుకునే మనిషయినా బాగుండేది, మెడలో పుస్తెల తాడు తాకట్టు పెట్టయినా నూకరత్నం నన్ను విడిపించుకుపోయేది. ఆయనకి పైవాళ్లంటే భయం. తన సంతకం మీద ఎవరైనా ఎప్పుడైనా ప్రశ్న వేస్తారేమోనని భయం. ఆ భయానికి నిజాయితీ అని పేరు పెట్టుకుని హాయిగా నిద్రపోతాడు.

"ఇదేమిటమ్మా, ఈ ఎరుపు?" అన్నాడు.

"కుంకం బావూ. మా తమ్ముడు పూజ సేసాడు."

"అంటే పెట్టె విప్పి వాడారన్నమాట."

"ఓలమ్మ! కొత్త వొస్తువుకే గదా బావూ బొట్టెట్టేది? పాతదానికి ఎవులెడతారు?"

"అవన్నీ నాకు తెలియదు. సీలు తీసి ఉంది. మరక ఉంది. ఇది పాత కంప్యూటర్. పాతది తేవాలంటే ముందుగా ఢిల్లీ అనుమతి ఉండాలి. వదలడం కుదరదు."

నూకరత్నం సుంకం రసీదు తీసి బల్ల మీద పెట్టింది.

"పాతదయితే మరి నాకాడ కొత్తదాని సుంకం ఎందుకు కట్టించీసుకున్నారు?"

విశ్వపతి గారు రసీదును పక్కకి జరిపాడు. "అది వేరే సెక్షను" అన్నాడు.

మీరెప్పుడైనా ఇలాంటి మాట విన్నారా? ఒకే కప్పు కింద, ఒకే ఫ్యాను గాలికి, ఒక బల్ల దగ్గర నేను కొత్తదాన్ని, పక్క బల్ల దగ్గర పాతదాన్ని! డబ్బు తీసుకోవడానికి కొత్తదాన్ని, నన్ను ఇవ్వడానికి పాతదాన్ని! నాకు నోరుంటే అక్కడే నాలుగూ అడిగేసేదాన్ని. నా ప్లగ్గు కాళ్లకి వేసిన ప్లాస్టిక్ తొడుగులు కూడా ఇంకా ఊడలేదు. అవి చూడమని ఆవిడ వేలు పెట్టి చూపించింది. ఆయన చూశాడు కూడా. చూసి, 'పాతది' అనే రాసుకున్నాడు.

గిడ్డంగిలో తడిసిన పత్తి బేళ్లకీ, తుప్పు పట్టిన పంపుసెట్లకీ మధ్య నన్ను, విప్పిన పెట్టెతోనే, తోసేశారు. నూకరత్నం బొబ్బిలి నుంచి బస్సెక్కి వచ్చేది, కాళ్లరిగేలా తిరిగేది, పోయేది. ఈయన ఆయన దగ్గరికి వెళ్లమంటాడు. ఆయన సెలవులో ఉంటాడు. ఢిల్లీకి రాశామంటారు. ఢిల్లీ నుంచి జవాబు రాలేదంటారు. వినాయకచవితి వెళ్లిపోయింది. కార్తీకం దగ్గరికొచ్చేస్తోంది. ఉప్పుగాలి నా కీళ్లలోకి ఎక్కుతోంది. కోపంతో నేను కాలిపోతుంటే, చల్లటి చోట భద్రంగా ఉంచామని కాగితాల మీద రాసుకున్నారట.

దసరా వచ్చింది. సెలవుకి ముందురోజే ఆఫీసులో ఆయుధపూజ. తూకపు కాటాకి పూలు కట్టాలని గిడ్డంగి తలుపులు బార్లా తెరిచారు. ఎదురుగా ఆఫీసు గది నాకు బాగా కనబడుతోంది. ఆ వారమే వాళ్లకి ఒక కొత్త కంప్యూటర్ వచ్చింది. విశ్వపతి గారు పట్టుపంచె కట్టుకుని వచ్చి, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుని, కుంకుమ భరిణెలో వేలు ముంచి, దాని తెర పైఅంచున ఇంత బొట్టు పెట్టాడు. సరిగ్గా సన్యాసిరావు నాకు పెట్టినచోటే.

నూకరత్నం గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఎవరో ఆవిడ చేతిలో శనగల ప్రసాదం పెట్టారు. ఆ శనగలు పట్టుకునే అడిగింది.

"బావూ, ఇప్పుడు మీదీ పాతదయిపోనాదా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత గది మొత్తం నవ్వింది. నేను కూడా గిడ్డంగిలో పొంగిపోయాను. ఇక ఈయనకి వేరే దారి లేదు, నన్ను ఇప్పుడు వదిలేస్తాడు, రేపటికి బొబ్బిలిలో ఉంటాను అనుకున్నాను. నా అంత వెర్రిదాన్ని మీరు చూసి ఉండరు.

విశ్వపతి గారి మొహం కందగడ్డయింది. జేబురుమాలు తీశాడు. పండగపూట, వెలుగుతున్న దీపం ముందు, తన చేత్తో పెట్టిన బొట్టును తన చేత్తోనే తుడిచేశాడు.

"అయ్యో, సార్!" అన్నారు వెనకనుంచి. ఇంకెవరూ నవ్వలేదు. బొట్టు చెరపడం అంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? ఆయన అంత పనికయినా తెగించాడు గాని నా కాగితం మీద సంతకానికి మాత్రం తెగించలేకపోయాడు.

నూకరత్నం శనగలు కొంగులో పోసుకుంది. పూజ బల్ల మీద భరిణెలోంచి చిటికెడు కుంకుమ తీసుకుని, ఎవరినీ అడగకుండా తిన్నగా గిడ్డంగిలోకి వచ్చింది. వెలిసిపోయిన పాత బొట్టు మీద కొత్త బొట్టు పెట్టింది.

"ఇదీ రాసీసుకోండి. పాతదనండి, కొత్తదనండి, మీ ఇష్టం. నాది మాత్రం పండగపూట బోసిమొకంతో ఉండకూడదు" అంది. 

కార్తీకం పెళ్లిళ్లు నేను లేకుండానే జరిగిపోయాయి. ఆ తర్వాత ఆవిడ ఒక్కసారే వచ్చింది, కట్టిన సుంకమైనా తిరిగి ఇమ్మని అడగడానికి. అది కూడా వేరే సెక్షనేనట. వెళుతూ వెళుతూ వాచ్‌మన్‌తో చెప్పింది, ప్రెస్సు మూసేసిందట, ఎదురు ప్రెస్సులో కార్డులు మడతపెట్టే పనికి కుదిరిందట. చెంగు ముడిలో ఆ ఒక్క వరస ఇంకా ఉందో లేదో నాకు తెలియదు.

చాలా ఏళ్లకి నన్ను వేలం వేశారు. కొన్నవాడు తుక్కు కొట్టువాడు. ఇప్పుడు విరిగిన ఫ్యాన్ల కింద పడి ఉన్నాను. రేపోమాపో రాగి తీగల కోసం నా పొట్ట చీలుస్తారు. నేను పాతదాన్నేనా అని ఇప్పుడు అడగండి, కాదనను. విశ్వపతి గారు రాసింది చివరికి నిజమైంది, ఆయనే నన్ను పాతదాన్ని చేశాడు. ప్లగ్గు తొడుగులు ఇంకా అలాగే ఉన్నాయి. నన్ను ఇంతవరకు ఒక్కరూ ఒక్కసారయినా వెలిగించలేదు.