మీటరు వెయ్యరా

టాక్సీ ముందుటద్దం కంటే ముందు అతను మీటరే తుడుస్తాడు. జేబులోంచి పచ్చగుడ్డ తీసి, మీటరు గాజు మీద ఆవిరూది, అంకెలు మెరిసేదాకా రుద్ది, గుడ్డ మడిచి మీటరు మీద పెట్టాడు. దించితే మీటరు తిరిగే ఇనప జెండాని ఒకసారి దించి ఎత్తాడు. టిక్కుమంది. అప్పుడు గానీ మొహాన కళ రాలేదు. ఎడమ భుజం లాగుతోందని పొద్దున భార్యతో అన్నమాట నిజమే గానీ, ఇంట్లో పడుకోమంటే వినే మనిషా!

టాక్సీ స్టాండులో అందరూ అతన్ని మీటరు మావయ్య అంటారు. పెళ్లాన్ని ఎక్కించుకున్నా మీటరు వేస్తాడని వెక్కిరిస్తారు. అది నిజమే. జెండా దించందే అతని కాలు క్లచ్చు మీద పడదు. దిగేటప్పుడు ఆవిడ కూడా, "ఎంతైందండీ?" అని అడిగి నవ్వుతుంది.

మిగతా బళ్లన్నీ ఫోనులో టాక్సీ పిలిపించే కంపెనీలో చేరిపోయాయి. గిరాకీని బట్టి అక్కడ రేటు లేస్తుంది, పడుతుంది. సర్కారు కట్టిన రేటు పట్టుకుని వేలాడుతున్నది ఇతనొక్కడే. సాయంత్రంలోగా మీటరు విప్పి చేరకపోతే స్టాండులో చోటుండదని, అక్కడే బండి నడిపే బావమరిది గట్టిగానే చెప్పాడు. వాడిది పూర్తిగా తప్పని అతను అనడు. ఎండల్లో బేరాల్లేక ఈగలు తోలుకున్నది తనే కదా. అయినా సరే, విప్పేది లేదనుకున్నాడు.

మధ్యాహ్నం వాన దంచింది. ఫోనులో ఇంకా చవగ్గా వస్తోందని నిన్న ఇతని బండి ఎక్కబోయి మానేసిన టీచరమ్మే, ఇవాళ తడిసి ముద్దై కిటికీ దగ్గరికొచ్చింది. ఫోనువాళ్లు మూడింతలు అడుగుతున్నారని దుమ్మెత్తిపోసింది. ఎండలో చేదైన మీటరు వానలో తీపైందని అతను లోపల్లోపలే నవ్వుకున్నాడు.

"మీరెంత తీసుకుంటారు?"

"మీటరు చెప్పినంతేనమ్మా. దానికి ఎండా తెలీదు, వానా తెలీదు. ఎక్కండి."

గుమ్మం ముందు దింపాడు. పైన ఇవ్వబోతే పుచ్చుకోలేదు. ఇకనుంచి మీ బండేనని ఆవిడ అంది. అతను నమ్మలేదు గానీ, వినడానికి హాయిగానే ఉంది.

స్టాండుకి తిరిగొచ్చేసరికి చొక్కా చెమటతో అంటుకుపోయింది. స్టీరింగు మీదికి వాలిపోయిన అతన్ని బావమరిది చూసి పరిగెత్తుకొచ్చాడు. పక్క సీట్లోకి జరిపి, తను స్టీరింగు పట్టాడు. అతని చెయ్యి మీటరు వైపు లేచింది.

"ఇప్పుడు కూడానా బావా? ఆస్పత్రికి పోతున్నాం."

"ఎవరెక్కినా ఒకటే రేటు. మీటరు వెయ్యరా."

ఏళ్ల తరబడి దాన్ని పాతసామాన్లవాడికి పారెయ్యమన్నవాడే జెండా దించాడు. టిక్కుమంది. అతను సీటుకి జారగిలబడి కళ్లు మూసుకున్నాడు. దారిలో ఏ మలుపు దగ్గర ప్రాణం పోయిందో బావమరిదికి తెలియలేదు.

అంత్యక్రియలు అయ్యాక వాడు బండి తెచ్చి అక్క ఇంటి ముందు ఆపాడు. ఆవిడ బండి తలుపు తీసి, మీటరు వైపు తొంగిచూసింది.

"ఎంతైందిరా?"

వాడు భోరుమన్నాడు. మీటరు మీద పచ్చగుడ్డ మడత విప్పకుండా ఉంది, దాని పక్కన ఇనప జెండా ఇంకా దించే ఉంది, ఎత్తడానికి ఇద్దరికీ చేతులు రాలేదు.