పోటీకి గంట ముందు

పాలు పోయకూడదు, చక్కెర తగలకూడదు, నీళ్ళు సరిగ్గా మరగకముందే దించకూడదు. బలరాం కాఫీకి ఇన్ని పథ్యాలు. జూడో పోటీకి గంట ముందు చిక్కటి కాఫీ తాగితే పట్టు బిగుస్తుందనీ, ఆయాసం ఆలస్యంగా వస్తుందనీ ఫోనులో ఎక్కడో చదివాడు. ఆనాటి నుంచీ టేకులపల్లిలోని ఆ ఇంట్లో కాఫీ మందైపోయింది. మందు మింగేది ఆయన, నూరేది భార్య జ్యోత్స్న. గెలిస్తే అది ఆయన సాధన. ఓడితే మాత్రం కాఫీ పలచనైందనో, చల్లారిందనో ఇంటికొచ్చేదాకా సణుగుతూనే ఉంటాడు.

జ్యోత్స్నా జూడో ఆడేదే. వాళ్ళిద్దరికీ పరిచయమైందే జూడో చాప మీద. పెళ్ళయ్యాక ఆయన ఇల్లందు గనిలో ఉద్యోగానికి వెళ్ళొచ్చి సాధనకు పోతాడు. ఆమె అటవీశాఖలో బీట్ ఆఫీసర్‌గా పొద్దంతా అడవి తిరిగొచ్చి వంటకు పోతుంది. వారానికోసారి ఆయన జూడో బట్టలు ఉతికి పిండితే చాలు, చేతులకు ఆ వారం సాధన అయిపోయినట్టే. ఒకసారి తన సాధనకు ముందు తనకూ ఓ గ్లాసు కలుపుకుంటుంటే అత్త సోమ్లి చూసింది. "నీకెందుకే కాఫీ? ఆడపిల్ల తల్లివి, రాత్రి నిద్ర పట్టదు," అంది. ఈ ఇంటికొచ్చాక తను కడుపునిండా నిద్రపోయింది ఎప్పుడో జ్యోత్స్నకు గుర్తు రాలేదు. బలరాం నవ్వి, "నీకు చేతులు వణుకుతయ్ తీ," అన్నాడు. రోజూ ఆయన సాధనకు ముందు మరిగే కాఫీ ఫ్లాస్కులో ఒక్క చుక్క ఒలకకుండా పోసేవి ఆ చేతులే!

పోయినేడు ఉమ్మడి జిల్లా ఎంపిక పోటీల్లో జరిగింది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కాఫీ చల్లారిందని బలరాం మొహం ముడుచుకుంటే, వేడినీళ్ళ కోసం గేటు బయటి చాయ్ బండి దగ్గరికి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి మైకులో ఆమె పేరు మూడుసార్లు పిలవడం, రాలేదని అవతలి అమ్మాయిని గెలిపించడం అన్నీ అయిపోయాయి. బలరాం ఆ కాఫీ తాగి గెలిచాడు. దారి పొడుగునా తన పట్టు గురించే చెప్పి, చివరికి ఆమె సంగతి గుర్తొచ్చి, "యేటా పెడ్తరు గద, మల్ల ఆడొచ్చు తీ," అని ఓదార్చాడు. ఇంత చులకనగా తేల్చేశాక ఇక ఏడవడానికి కూడా ఏం మిగులుతుంది?

ఈ యేడు పోటీలు కొత్తగూడెంలో. పాపను అత్త దగ్గర వదిలి, బండి వెనక కూర్చుని, ఒడిలో ఫ్లాస్కు పెట్టుకుని వచ్చింది. బరువు తూచే చోట వైరా అమ్మాయి నాగలత కనిపించింది. పోయినేడు పోటీ లేకుండానే గెలిచింది ఆమే. ఈసారీ మొదటి పోటీ ఆమెతోనే పడింది.

"ఈసారన్నా రండక్కా," అంది నాగలత. "పోయినేడు మిమ్మల్ని పట్టుకోకుండానే గెలిచాను. ఇంట్లో చెప్పుకోడానికి కూడా సిగ్గేసింది."

గెలిచిన పిల్లకు సిగ్గేసింది. ఇంట్లో మనిషికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. జ్యోత్స్న మెట్ల మీద కూర్చుంది. తన పోటీకి ఇంకా గంట ఉంది. ఫ్లాస్కు మూత తిప్పి, వంచి, తాగింది. ఛీ, ఎంత చేదు! ఇన్నాళ్ళూ ఇంత భక్తిగా అందించింది ఈ చేదునా? ఆగి ఆగి మొత్తం తాగేసింది. కాసేపటికి గుండె గట్టిగా కొట్టుకోసాగింది. అది కాఫీ వల్లో, కోపం వల్లో ఆమెకు తెలియలేదు. ఏదైతేనేం, లేచి ఒళ్ళు విరుచుకుని భుజాలు తిప్పుతూ మెట్ల పక్కన అటూ ఇటూ పరుగు పెట్టింది.

ఆమె నడుముకు బెల్టు బిగించుకుంటుండగా బలరాం హడావిడిగా వచ్చాడు. "నా పోటీ ముందుకు జరిగిందంట. కాఫీ ఇయ్యి జల్దీ."

"తాగిన," అంది జ్యోత్స్న.

"ఎవలు, నువ్వా?"

"నేనే."

బలరాం ఖాళీ ఫ్లాస్కును ఊపి చూశాడు. మైకులో ఆమె పేరు పిలుస్తున్నారు. ఆయన మొహంలో కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ. "గేటు బయట చాయ్ బండి ఉంది, ఉరికిపోయి వేడినీళ్ళన్న తే. పొడి నా సంచిలనే ఉంది," అన్నాడు. ఆమె కదలకపోయేసరికి గొంతు తగ్గించి, "నాగలత మీద నువ్వెట్లయిన ఓడిపోతవ్ గదనే," అన్నాడు.

జ్యోత్స్న చెప్పులు విడిచి చాప అంచున నిలబడింది.

"పోయినేడు నాకు ఓడిపోయేటందుకు గూడ తీరిక దొరకలే," అంది. "ఇయ్యాల దొరికింది."