కన్నులు దిద్దెడివాడు

శరదృతువు ప్రవేశించి వర్షధారాధౌతంబులైన కొండపల్లి గిరిసానువులు మరకతశ్యామలకాంతులు వెదజల్లుచుండ శిథిలదుర్గప్రాకారశిఖరముల మీద నిలిచిన తెల్లమబ్బు తునుకలు ఏకిన దూదివలె నొక్కొక్కటిగ విడిపోవుచుండ చిరకాలము మబ్బుమాటున దాగియున్న సూర్యుడు ప్రసన్నుడై యెండ గాయ నారంభించిన యొక యుదయవేళ బొమ్మలు చేయువారి వీథిలోని యరుగులన్నియు నొక్కసారిగ కళకళలాడెను. తడి యారక లోపల మ్రగ్గుచుండిన రాజులును రాణులును అంబారీయేనుగులును తాటిచెట్టెక్కిన గీతగాండ్రును చల్ల చిలుకు గొల్లభామలును వెలుపలికి వచ్చి వరుసలు దీరి యెండ గాచుకొనుచుండిరి. వారిలో ననేకులకు నింకను కన్నులు లేవు.

కన్నులు దిద్దుటయందు ఆ వీథిలో కోదండపాణిని మించినవాడు లేడు. పొణికికర్ర చెక్కుట తక్కినవారు చెక్కినట్లే చెక్కును. రంగు వేయుటయు తక్కినవారి వలెనే వేయును. కాని మేకవెండ్రుకల కుంచెను నల్లరంగున ముంచి యూపిరి బిగబట్టి తుట్టతుదకు రెండు కన్నులు దిద్దెనా ఆ బొమ్మ తన్ను చూచువారిని తిరిగి చూచును. కన్ను దిద్దువరకు నది చెక్క, దిద్దిన పిమ్మట బొమ్మ యనుట యతని వాడుక. దూరదేశపు వర్తకులు సైతము పాణిగారి చూపు కావలయునని యడిగి కొనిపోవుచుండిరి. అందుచే నాతనికి గొంత మిడిసిపాటును గలదు. ఏ బిడ్డకు ఏ బొమ్మ తగునో మొగము చూచి చెప్పగలనని నలుగురిలో పలుకుచుండును. నలువదియేండ్లుగా నెవ్వరును కాదనినవారు లేరు.

అతని చెల్లెలు సుభద్రను నందిగామ కిచ్చిరి. ఆమెకు లేక లేక కలిగిన కూతురు యామిని. ఆ బిడ్డ మూడేండ్లు నిండువరకు అమ్మా యని పిలువలేదు. పిలువ నేర్చిన పిమ్మటను పిలిచినవారి మొగమువంక చూడదు. చప్పుడైన చెవులు మూసికొనును. ఒక్క యాటనే గంటలకొలది విసుగులేక యాడును. బెజవాడ వైద్యురాలు పరీక్షించి దీనిని ఆటిజమందురనియు నిది తెగులు గాదనియు బుద్ధి యెదుగుదలలోని భేదమనియు నోర్పుతో పెంచుకొనవలయుననియు జెప్పెను. సుభద్ర యా సంగతి యన్నకు విన్నవింపగా అతడు తల యూపెను గాని చెవి నిడలేదు. “నా బొమ్మ ఒక్కటి దాని చేతిలో పడనీయమ్మా, చూపు అదే నిలుస్తుంది” అనెను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనువాని కెవరేమి చెప్పగలరు?

యామినికి ఐదేండ్లు నిండిన పుట్టినరోజు పండుగను మేనమామ తన యింటనే జరిపింప దలచి చెల్లెలిని రప్పించెను. పదిదినములు శ్రమించి మూరెడు పొడవుగల పెండ్లికూతురి బొమ్మను జేసి దాని కాళ్లకు చిరుగజ్జెలు గట్టి కలువరేకులను బోలిన విశాలనేత్రములు దిద్దెను. చూపు నిలుపని బిడ్డకు చూపుగల బొమ్మయే మందని యతని యూహ. ఇరుగుపొరుగు వారును తోడి పనివారును గుమిగూడిన నడవలో నా బొమ్మను బిడ్డయెదుట నిలిపి ఘల్లుఘల్లున గజ్జె లాడించెను. యామిని రెండు చేతుల చెవులు మూసికొని గోడకు జరిగెను. ఇతడు దానిని సిగ్గనుకొనెను. దగ్గరకు బోయి గడ్డము పట్టి మొగము పైకెత్తి “చూడవే, మామ చేసిన బొమ్మను చూడు” అని బలవంతముగ త్రిప్పెను. బిడ్డ గుండెలవియునట్లు కేకవేసి బొమ్మను విసరికొట్టగా మెడ విరిగి తల దొర్లిపోయెను.

 నలుగురిలో తన పనితనమునకు భంగము గలిగెనని యాతని మొగము వాడెను. ఆ వాడిన మొగమును కప్పిపుచ్చుకొనుటకై యొకమారు గొంతు సవరించుకొని “చెక్కకు చూపు తెప్పించాను గానీ, దీనికి తెప్పించలేకపోయాను!” అని తానే నవ్వెను. వచ్చినవారందరును పగలబడి నవ్విరి. చెప్పుటకు సిగ్గుగాని చెప్పక తప్పదు. ఆ నవ్వు విని కోదండపాణి మనసు కుదుటపడెను.

సుభద్ర మాత్రము నవ్వలేదు. పాయసము వడ్డింపకమునుపే బిడ్డను చంకనెత్తుకొని “అన్నయ్యా, నా బిడ్డ మీ నవ్వులకు వస్తువు కాదు. ఇక నీ గడప తొక్కను” అని తిన్నగ వెడలిపోయెను. కాలు జారిన దీసికొనవచ్చును గాని నోరు జారిన దీసికొనలేమని పెద్దలు చెప్పుదురు. ఈతడు దీసికొన జూడనే లేదు. ఆడవారికి కోపములు వచ్చుచుండును పోవుచుండును అనుకొనెను. వీథిలోనివారా మాట నొక చమత్కారముగ జెప్పుకొని మురియుచుండగా తానును మీసము దువ్వుచు వినుచుండెను.

మూడుమాసములు గడచెను. చెల్లెలి కోపము పోలేదు. పోకపోగా ఉత్తరమునకు ప్రత్యుత్తరమును లేకపోయెను. లోపమెచ్చటనుండెనని యాలోచించి యాలోచించి యా పనివాడు కనుగొన్న దేమనగా బొమ్మ కన్నులు చిన్నవైనవని! వెనుకటిదానికన్న పెద్ద బొమ్మను జేసి కన్నులు మరింత విప్పార దిద్ది పెట్టెలో బెట్టుకొని బస్సెక్కి నందిగామ చేరెను.

సుభద్ర గుమ్మమున నిలిచి లోనికి రమ్మనలేదు, పొమ్మనలేదు. కుర్చీ చూపి మంచినీళ్లిచ్చెను. యామిని నేలపై గూర్చుండి చింతగింజలు వరుసగ పేర్చుచుండెను. అతని పనిశాలలో జిగురు కొరకు బస్తాలకొలది నూరెడి గింజలే యవి. కోదండపాణి నీళ్లు త్రాగి “చిన్నపిల్ల, దానికేం తెలిసిందమ్మా! నువ్వే మనసులో పెట్టుకుని...” అని యేదో చెప్పబోవుచుండెను.

అంతలో యామిని తల యెత్తకయే గొంతు సవరించుకొనెను. “చెక్కకు చూపు తెప్పించాను గానీ, దీనికి తెప్పించలేకపోయాను!” అనెను. అని నవ్వెను. ఆ గొంతు సవరింపు అతనిది. ఆ విరుపు అతనిది. ఆ నవ్వును అతనిదే. పలికి మరల మరియొక గింజను వరుసలో బెట్టెను.

కోదండపాణి చెప్పబోయిన మాటను నడుమనే విడిచి చెల్లెలివంక చూచెను. సుభద్ర యిట్లనెను.

“విన్నది విన్నట్టు దాచుకుంటుంది అన్నయ్యా. ఎప్పుడో, దేనికో పైకి తీస్తుంది. మూడు నెలలుగా రోజుకు వందసార్లు ఇదే. అమ్మా అన్న మాట తరువాత దాని నోట నిండుగా వచ్చిన మాట ఇదొక్కటే.”

బిడ్డ కేమియు దెలియదనుకొనిన వాడు తలవంచికొనెను. తానిచ్చిన పెండ్లికూతురి బొమ్మను పారవేసినది గాని యా దినమున తానిచ్చిన రెండవ బహుమానమును మాత్రము చెక్కుచెదరకుండ దాచుకొన్నది! వారు నవ్విన నవ్వు దానికి దెలిసెనో లేదో యెవరికి దెలియును? తనకు మాత్రము దెలిసెను.  తెచ్చిన పెట్టెను కాలితో మెల్లగ కుర్చీక్రిందికి ద్రోసెను. క్షమింపుమనుటకు నోరు రాలేదు. తుదకు నలువదియేండ్ల పనివాడు మున్నెన్నడు నెవరి నడుగని ప్రశ్న నడిగెను.

“దానికేం తేవాలమ్మా?”

సుభద్ర యన్న వంక నొకింత నిదానించి చూచెను. “వయసు చూసి తేవద్దని డాక్టరమ్మ చెప్పింది. చెయ్యి ఎటు పోతుందో చూడమంది. మోత వద్దు, మొహాలు వద్దు. ఏదైనా నోట్లో పెట్టుకుంటుంది, రంగు వద్దు. బరువుగా, నున్నగా, అన్నీ ఒకేలా ఉంటే వరుస పేర్చుకుంటుంది. ఇచ్చి దాని మొహంలోకి చూస్తూ కూర్చోకు. ఎదురుగా కాదు, పక్కన కూర్చో.”

అపరాహ్ణమువరకు నతడు గోడవారగ గూర్చుండి బిడ్డ చేతులనే చూచెను. ఏ గింజ నెత్తుకొనునో దేనిని చెంప కానించుకొనునో దేనిని మూలకు ద్రోయునో చూచెను. మొగము చూచి చెప్పగలనని బీరములు పలికినవాడు మొగము చూడకుండ చూచుట నేర్చుకొన వలసివచ్చెను.

పొణికికర్ర బెండువలె తేలిక. బిడ్డచేతికి బరువు కావలయును. కావున చింతచేవ దెప్పించెను. ఆ చేవ యతని యుళులను మొద్దువార్చి యరచేతులను బొబ్బలెక్కించెను. పండ్రెండు గుండ్రని బిళ్లలను తరిగి అంచులు మొక్కవోవునట్లు రుద్ది రంగు వేయక విడిచెను. తోడి పనివారు “ఏం పాణీ, రోకళ్లు ముక్కలు చేస్తున్నావా?” అని పరిహసించిరి. వారిలో నొకడు వెనుకటి మాటను గుర్తుచేసి నవ్వెను. “ఆ మాట అనవద్దురా. అది నేను చేసిన నీచమైన పని” అని కోదండపాణి పలుకగా నవ్వినవాడు కుంచె కడుగుకొన బోయెను.

వానిని నందిగామకు కొనిపోయిన మొదటిదినమున యామిని మూడు బిళ్లలను వాసన చూచి దూరముగ ద్రోసెను. నునుపు కొరకు పూసిన నూనెవాసన వాని కింకను వదలలేదు. అతడు మారు పలుకక వానిని బావికడ బూడిదతో తోమి యెండబెట్టి తెచ్చెను. అటుపిమ్మట ప్రతి శుక్రవారమును పని మాని నందిగామ కేగి బిడ్డప్రక్కన నేలపై గూర్చుండి బిళ్ల నొక్కొక్కదానిని దొర్లించుచు “ఇదిగో తల్లీ, నీది” అని మెల్లగ ననుచుండును. ఆ యొక్కమాట తప్ప వేఱొండు పలుకడు. వెనుకటి మాట నా బిడ్డ నోటినుండి తీసివేయుట తన వశము గాదు. దాని ప్రక్కన మరియొకదానినైన నుంచవలయునని యతని యాస.

పుష్యము గడచెను. మాఘము గడచెను. బిడ్డ బిళ్లలతో నాడుకొనుచుండెను గాని మామ మాట నందుకొనలేదు. పైగా నడుమనడుమ గొంతు సవరించుకొని వెనుకటి మాటనే పలుకుచుండెను. పలికినప్పుడెల్ల వంటయింటిలో గిన్నెల చప్పుడాగును. అతడు తల యెత్తక యూరకుండును. చెవులు మూసికొనుట కాతనికి అధికారము లేదు. చెల్లెలు నీళ్లిచ్చును. భోజనమున కుండుమని మాత్ర మనదు.

ఫాల్గుణమున నొక శుక్రవారమున మధ్యాహ్నపుటెండ కిటికీకమ్ములగుండ నేలమీద చారలు దీర్చియుండెను. యామిని పదునొకండు బిళ్లలను చారవెంట నమర్చెను. పండ్రెండవదానిని చేతబట్టుకొని చెంప కానించుకొని చాలసేపుండెను. పిదప అటు చూచుచునే యిటు చేయిచాచి దానిని మామ మోకాలివంకకు దొర్లించెను.

“ఇదిగో తల్లీ, నీది” అనెను.

నెరసిన మీసములవాడు తల్లి యనిపించుకొనెను. గొంతులోని యా మెత్తదన మెచ్చటిదో యని యొక క్షణము వెదకికొని తనదేయని గుర్తించి కన్నీరు విడిచెను. బిళ్లను దోసిట నందుకొనెను. అలవాటుచొప్పున బిడ్డ మొగమువంక వంగబోయి చటుక్కున తన్ను దాను నిలుపుకొని నేలవంక చూచెను. గుమ్మమున నిలిచియున్న సుభద్ర “అన్నం తిని వెళ్లు అన్నయ్యా” అనెను.

 బహుమాన మిచ్చుట యెట్లో నలువదియేండ్లు బొమ్మలు చేసినవానికి ఐదేండ్ల బిడ్డ చేసి చూపెను. తెలిసికొన్న సంతోషముకన్న నింతకాలము దెలియకుండినందుకు సిగ్గే యెక్కువయై దోసిట బిళ్లతో తలవంచికొని చాలసేపు కూర్చుండెను.